బ్రూక్ అంటే వాగు: 35 పౌండ్ల "ఇంటిపేరు చరిత్ర" ఫ్రేమ్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. ఫ్రేమ్‌కి నాలుగు స్టార్లు, దాని లోపల పెట్టిన కాగితానికి ఒక్క స్టార్. ఇంగ్లండ్‌కి టూరుకి వచ్చినవాళ్ళూ, ఇక్కడే ఉంటున్న మనవాళ్ళూ ఇంగ్లిష్ స్నేహితులకి ఏదైనా మంచి గిఫ్ట్ ఇద్దామని ఈ "మీ ఇంటిపేరు చరిత్ర" షాపుల ముందు ఆగుతుంటారు, నేనూ అలాగే ఆగాను, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి చాలా ఊళ్ళలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కువ, నేను చూసినంతలో సరుకంతా ఒకేలా ఉంది.

మేముండేది వెస్ట్ యార్క్‌షైర్‌లో, హడర్స్‌ఫీల్డ్ దగ్గర. మా పక్కింటి పెద్దాయనకి ఈ మధ్యే 80 నిండాయి. ఆయన ఇంటిపేరు బ్రూక్. మా పాప పుట్టి హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన రోజు మా గుమ్మం ముందు పడిన మంచు అంతా తీసి, పాపతో జారిపడతామేమో అని ఉప్పు చల్లి పెట్టిన మనిషి. అలాంటాయనకి చాక్లెట్ డబ్బా ఇవ్వబుద్ధి కాలేదు. అందుకే ఈ ఫ్రేమ్ ఆర్డర్ చేశాను. ధర 35 పౌండ్లు, పోస్టేజీ వేరే. పేరు టైప్ చేస్తే చాలు, మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు. ఐదు రోజుల్లో వచ్చింది, ప్యాకింగ్ బాగుంది, గాజుకి చిన్న గీత కూడా పడలేదు.

లోపల ఏముందంటే, పాతకాలపు కాగితంలా కనిపించే పసుపు కాగితం, పైన మెలికలు తిరిగిన అక్షరాల్లో బ్రూక్ అని పేరు, మధ్యలో డాలు, డాలు మీద ఒక జంతువు, కింద లాటిన్‌లో ఒక వాక్యం, దాని కింద నాలుగు పేరాలు. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం రాజుతో పాటు ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన ఒక యోధుడి వంశం మీది అని మొదటి పేరా. ఈ పేరుని ఎన్ని రకాలుగా రాస్తారో రెండో పేరా. అమెరికాకి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ గురించి మూడో పేరా. మీ రక్తంలో ధైర్యం, విధేయత ఉన్నాయని నాలుగోది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చాలా థాంక్స్ చెప్పారు. తర్వాత కాసేపాగి, "మా నాన్న మిల్లులో ఉన్నికి రంగులద్దేవాడు, మా తాత మగ్గం దగ్గర పనిచేశాడు, ఈ డాలు మరి ఎవరిదో" అన్నారు. నొప్పించాలని అన్నమాట కాదు, నిజంగానే ఆలోచిస్తూ అన్నారు. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆయన పేరు మీద ఆయనకే అబద్ధం కొనిచ్చానా అనిపించింది. ఆ రాత్రి నుంచే చదవడం మొదలుపెట్టాను.

ముందు ఆ డాలు సంగతి. ఇంగ్లండ్‌లో ఇంటిపేరుకి డాలు ఉండదు. డాలు గుర్తు ఒక మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత ఆయన మగ సంతతిలో వచ్చినవాళ్ళకి దాని మీద హక్కు ఉంటుంది. లండన్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ 1484 నుంచీ ఈ పని చూస్తోంది, ఈ గుర్తులు మంజూరు చేసేది వాళ్ళే, రికార్డు ఉంచేదీ వాళ్ళే. బ్రూక్ అన్న పేరున్న ఎవరో ఒకాయనకి ఎప్పుడో ఒక డాలు ఇచ్చి ఉండొచ్చు, అంతమాత్రాన బ్రూక్‌లందరికీ అది చెందదు. మనలో ఒకరికి పద్మశ్రీ వచ్చిందని ఆ ఇంటిపేరు ఉన్న ప్రతివాళ్ళూ ఇంట్లో పద్మశ్రీ బిళ్ళ గోడకి తగిలించుకోరు కదా. ఈ ఒక్క విషయం కాగితం కింద చిన్న అక్షరాల్లో రాసినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

రెండోది ఆ నార్మన్ యోధుడు. ఇది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే బ్రూక్ అన్న మాటే ఫ్రెంచి మాట కాదు. నార్మన్లు వచ్చాక నార్మండీలోని తమ ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లుగా తెచ్చినవాళ్ళు ఉన్నారు, పెర్సీ, నెవిల్ లాంటివి ఆ దారిలో వచ్చినవే. బ్రూక్ మాత్రం అంతకు ముందే ఈ నేల మీద ఉన్న పాత ఇంగ్లిష్ మాట, "బ్రోక్". అర్థం వాగు. అంతే. ఒక చిన్న వాగు పక్కన ఇల్లున్న మనిషికి ఊరివాళ్ళు పెట్టిన గుర్తు అది.

ఇది ఎలా జరిగిందో చెబుతాను, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. 13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండ్ పల్లెల్లో మగవాళ్ళకి పెట్టే పేర్లు చాలా తక్కువ. జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్, థామస్, ఈ నాలుగైదు పేర్లలోనే సగం ఊరు ఉండేది. పన్ను రాసుకునే గుమస్తాకి, జమీందారు కోర్టులో లెక్క రాసేవాడికి ఏ జాన్ అన్నది తేల్చాలి. ఒకడు విలియం కొడుకు జాన్, ఒకడు కమ్మరి జాన్, ఒకడు ఎర్రజుట్టు జాన్, ఇంకొకడు వాగు దగ్గర జాన్. ఆ చివరివాణ్ణి అప్పటి ఇంగ్లిష్‌లో "జాన్ అట్టె బ్రోక్" అని రాసేవాళ్ళు. "అట్టె" అంటే "దగ్గర". కాలం గడిచేకొద్దీ ఆ "అట్టె" రాలిపోయి బ్రోక్ మిగిలింది, అది బ్రూక్ అయింది. మొదట్లో ఇది వంశానికి పేరు కూడా కాదు, కొడుకు వాగు దగ్గర్నుంచి కొండ మీదికి మకాం మారిస్తే కొడుకు పేరు హిల్ అయిపోయేది. దక్షిణ ఇంగ్లండ్‌లో 1350 నాటికి చాలా కుటుంబాల్లో ఈ పేర్లు తండ్రి నుంచి పిల్లలకి స్థిరపడ్డాయి, ఉత్తరాన అంటే మా వైపు మరో వంద ఏళ్ళ దాకా పట్టింది.

కొన్ని పేర్లలో ఆ "దగ్గర" అన్న మాట రాలిపోకుండా అలాగే ఉండిపోయింది. అట్‌వుడ్ అంటే అడవి దగ్గరివాడు. బైవాటర్ అంటే నీళ్ళ పక్కవాడు. అండర్‌హిల్ అంటే కొండ కిందివాడు. టౌన్‌సెండ్ అంటే ఊరి చివరివాడు. నాకు బాగా నచ్చింది మాత్రం నాష్. లెక్కల మేధావి జాన్ నాష్ పేరు మనలో చాలామందికి తెలుసు. "ఆష్" అనేది ఒక చెట్టు, ఆ చెట్టు దగ్గర ఉండేవాడు "అట్టెన్ ఆష్". పలికి పలికి ఆ "న్" వెళ్ళి పక్క మాటకి అంటుకుంది, నాష్ అయింది. స్కూల్లో నుగాగమ సంధి బట్టీ పట్టినవాళ్ళకి ఇలాంటివి చదువుతుంటే ఎంత సంతోషంగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్‌లో మా అమ్మకి ఇదంతా చెబితే, "అయితే వాళ్ళది వాగు వారి ఇల్లన్నమాట, ఎంత బాగుందే, ఆ కత్తులూ డాళ్ళూ ఎందుకు మధ్యలో" అంది. ఖమ్మం మనిషి, మున్నేరు ఒడ్డున పెరిగింది, వాగు మాటెత్తితే ఆమెకి వేరే వివరణ అవసరం లేదు. మన ఇళ్ళలో ఎక్కువ ఇంటిపేర్లు పూర్వీకుల ఊరి పేర్లే, అయినా తోట, కొండా, లంక, అడవి, కోనేరు లాంటి పేర్లు మనకీ ఉన్నాయి. కోనేరు హంపి అన్నా, అడవి బాపిరాజు అన్నా పేరుతో పాటే ఒక చోటు కళ్ళముందుకి వస్తుంది. అమ్మ నన్ను అడిగిన ఇంకో ప్రశ్న ఇంకా బాగుంది: వాగుని వాళ్ళ దేశమంతా ఒకటే మాటతో పిలుస్తారా అని.

పిలవరు. మనకి రాయలసీమలో వంక, తెలంగాణలో ఒర్రె, శ్రీకాకుళం వైపు గెడ్డ ఉన్నట్టే వీళ్ళకీ ఉన్నాయి. మధ్య, దక్షిణ ఇంగ్లండ్‌లో ఎక్కువగా బ్రూక్. ఉత్తరాన, స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులు స్థిరపడిన చోట్ల వాళ్ళ భాషలోంచి వచ్చిన బెక్. ఇంకా పైన, నార్తంబర్లాండ్‌లో, స్కాట్లాండ్‌లో బర్న్. సున్నపురాయి నేలల్లో చలికాలం పారి ఎండాకాలం ఎండిపోయే వాగుని దక్షిణాన బోర్న్ అంటారు. ఇవన్నీ ఇంటిపేర్లయ్యాయి: బ్రూక్స్, బెక్, బర్న్, బోర్న్. ఒక్క వాగు అన్న అర్థానికి ఇన్ని పేర్లు, అందులో మీది ఏదో చూస్తే మీ పూర్వీకులు ఏ వైపు మాట్లాడేవాళ్ళో ఒక అంచనా దొరుకుతుంది. 35 పౌండ్లు తీసుకున్న కాగితంలో ఇందులో ఒక్క ముక్క లేదు.

ఇంకో సంగతి. ఇంగ్లండ్ ఆగ్నేయ మూల, కెంట్, ససెక్స్ కౌంటీల్లో బ్రూక్ అంటే పారే వాగే కానక్కర్లేదు, నీళ్ళు నిలిచే పల్లపు పచ్చిక కూడా. ససెక్స్‌లో ఇప్పటికీ పల్బరో బ్రూక్స్ అని ఒక చిత్తడి నేల ఉంది, పక్షుల కోసం కాపాడుతున్నారు. డచ్ భాషలో ఈ మాటకి చుట్టమైన "బ్రూక్"కీ చిత్తడి అనే అర్థం, బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ పేరులో ఉన్నది కూడా అదే, చిత్తడిలోని నివాసం అని. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బ్రూక్ అని ఎవరైనా కనిపిస్తే మా పక్కింటాయనకి అర్థంలో దాయాదే, రక్తంలో కాకపోయినా. కాబట్టి ససెక్స్ బ్రూక్ పూర్వీకుడు మోకాళ్ళ లోతు బురదలో పశువులు మేపుకున్నవాడు కావచ్చు, యార్క్‌షైర్ బ్రూక్ పూర్వీకుడు రాళ్ళ మీద దూకే వాగు పక్కన గొర్రెలు పెంచుకున్నవాడు కావచ్చు. ఇవి కాక బ్రూక్ అనే పేరుతో ఊళ్ళే ఉన్నాయి, కెంట్‌లో ఒకటి, నార్ఫోక్‌లో ఒకటి, చిన్న కౌంటీ అయిన రట్‌లండ్‌లో ఒకటి. ఆ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకీ ఇదే పేరు.

బ్రూక్ చివర్లో "స్" ఉంటే వేరే కుటుంబం, చివర ఇంగ్లిష్ "ఇ" అక్షరం ఉంటే గొప్పింటి కుటుంబం అనుకునేవాళ్ళు ఇక్కడ కూడా ఉన్నారు. ఆ "ఇ" పాత వ్యాకరణంలో "వాగు దగ్గర" అన్నప్పుడు చివర చేరే విభక్తి అక్షరం, తర్వాత రాసేవాడి ఇష్టం. ఒకే మనిషి పేరుని ఒకే పాదిరీ చర్చి పుస్తకంలో ఒకసారి అలా, ఒకసారి ఇలా రాసిన రోజులవి. "స్" కూడా ఎక్కువగా మధ్య, దక్షిణ ప్రాంతాల అలవాటు, మా వైపు ఒట్టి బ్రూకే ఎక్కువ.

ఇదంతా నాకెక్కడ దొరికిందంటే, అసలు ఐదు స్టార్లు ఇవ్వాల్సింది దీనికే, మా ఊరి కౌన్సిల్ లైబ్రరీలో. గిఫ్ట్ ఇచ్చిన తర్వాతి శనివారం పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్నావిడ మేము చెప్పింది మొత్తం విని, నవ్వకుండా, తొందరపెట్టకుండా రెండు గంటలు మాతో కూర్చుంది. బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల మీద ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2016లో వేసిన పెద్ద నిఘంటువు ఉంది, నాలుగు సంపుటాలు, 45,000కి పైగా పేర్లు, విడుదలైనప్పుడు ధర 400 పౌండ్లు. బ్రిస్టల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి తయారు చేశారు. ప్రతి పేరుకి పాత పన్నుల పట్టీల నుంచి, కోర్టు రికార్డుల నుంచి, చర్చి పుస్తకాల నుంచి ఏ సంవత్సరం ఏ ఊళ్ళో ఎలా రాశారో ఉదాహరణలు ఇచ్చారు. పటేల్ లాంటి మన దేశపు పేర్లు కూడా అందులో ఉన్నాయి, ఇప్పుడు అవీ బ్రిటన్ ఇంటిపేర్లే కదా. ఇది కొనక్కర్లేదు, చాలా లైబ్రరీల్లో కార్డు నంబరు కొడితే ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. కార్డు కూడా ఉచితమే. 35 పౌండ్లు పెట్టినదాని కంటే పైసా ఖర్చు లేనిది వందరెట్లు నిజం చెప్పింది.

తర్వాత ఆవిడ 1881 జనాభా లెక్కల మ్యాపు తెరిచింది. ఈ లెక్కలు 1881 ఏప్రిల్ 3 రాత్రి ఎవరెవరు ఏ ఇంట్లో పడుకున్నారో రాసినవి, బ్రిటన్ అంతటికీ పేరుపేరునా. వాటిని మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించారు కాబట్టి ఏ ఇంటిపేరు ఏ కౌంటీలో ఎంత మందికి ఉందో రంగుల్లో చూడొచ్చు. బ్రూక్ అని కొట్టగానే వెస్ట్ యార్క్‌షైర్ ముదురు రంగులోకి మారిపోయింది, మిగతా దేశం లేతగా ఉండిపోయింది. పెద్దాయన తెర మీద వేలు పెట్టి "ఇదిగో మనం ఇక్కడున్నాం" అన్నారు. బ్రూక్స్ అని కొడితే ఆ రంగు కిందికి, మిడ్‌లాండ్స్ అనే మధ్య ప్రాంతానికి, దక్షిణానికి పాకింది.

ఎందుకిలా అని అడిగాను. ఆవిడ చెప్పింది ఇదీ. వాగులు దేశమంతా ఉన్నాయి కాబట్టి పేరు ఒకచోట పుట్టలేదు, పదుల చోట్ల, వందల చోట్ల ఎవరికి వారుగా పుట్టింది. కాబట్టి ఇద్దరు బ్రూక్‌లు కలిస్తే బంధువులని అనుకోవడానికి లేదు. డీఎన్‌ఏ మీద లెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పరిశోధనలో కూడా అరుదైన ఇంటిపేర్ల మగవాళ్ళకే ఎక్కువగా ఒకే మూలపురుషుడు కనిపించాడు, స్మిత్ లాంటి విస్తారమైన పేర్లలో కాదు. కానీ మా హడర్స్‌ఫీల్డ్ లోయల్లో ఉన్నివస్త్రాల పని ఉండేది. ఇంట్లోనే మగ్గం, కాస్త పొలం, నాలుగు గొర్రెలు, జనం వేరే చోటికి పోవాల్సిన అవసరం తక్కువ. తరాల తరబడి అదే లోయలో పిల్లలు పుట్టి పెరిగి, కొన్ని ఇంటిపేర్లు మర్రిచెట్టులా ఊడలు దిగాయి.

ఇక్కడి వ్యాపారాల పేర్లు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆర్మిటేజ్ బ్రిడ్జ్‌లో ఉన్నివస్త్రాల మిల్లు నడిపిన జాన్ బ్రూక్ అండ్ సన్స్ తమ చరిత్రని 1541 నుంచీ లెక్కపెట్టుకుంటారు, బ్రిటన్‌లోని అతి పాత కుటుంబ వ్యాపారాల్లో ఒకటి. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో మెల్తమ్ మిల్స్‌లో జోనస్ బ్రూక్ అండ్ బ్రదర్స్ కుట్టుదారం తయారు చేసేవాళ్ళు, 1896లో కోట్స్ అనే పెద్ద దారం కంపెనీలో కలిశారు. 1904లో ఎర్నెస్ట్ బ్రూక్ హడర్స్‌ఫీల్డ్‌లోనే ఎలక్ట్రిక్ మోటార్ల కంపెనీ పెట్టాడు. బట్ట, దారం, మోటారు, మూడూ మూడు వేరు వేరు బ్రూక్‌లవి, అన్నీ బస్సెక్కితే అరగంటలో తిరిగి రాగల దూరంలో. మా పెద్దాయన కళ్ళు ఇక్కడ వెలిగాయి. వాళ్ళ అమ్మ చిన్నప్పుడు మెల్తమ్ మిల్స్‌లో దారం కండెలు చుట్టిందట. ఆ పేరున్న యజమానులతో చుట్టరికం లేదు, ఆ పేరున్న కూలీ ఇంటికే కోడలిగా వచ్చింది. "ఇది రాయాల్సింది ఆ కాగితం మీద" అన్నారు.

మన హైదరాబాద్ వాళ్ళకి గుర్తుండే బ్రూక్ ఒకాయన ఉన్నాడు, ఇంగ్లండ్ క్రికెటర్ హ్యారీ బ్రూక్. 2022 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ 13.25 కోట్లు పెట్టి కొంది, 2023 ఏప్రిల్ 14న ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కతా మీద 55 బంతుల్లో 100 నాటౌట్ కొట్టాడు. పుట్టింది కీగ్లీలో, అదీ వెస్ట్ యార్క్‌షైరే, మా ఇంటి నుంచి కారులో గంట లోపు. మ్యాపులో ముదురు రంగు ఉన్న చోటు నుంచే వచ్చాడని చెబితే మా తమ్ముడు ఫోన్‌లో ఎగిరి గంతేశాడు.

ఇక బ్రూక్ బాండ్. మా ఇంట్లో నాన్న టీపొడి తెమ్మని పంపేటప్పుడు బ్రూక్ బాండ్ తెమ్మనేవారు, అది ఒక మనిషి పేరని నాకు 30 ఏళ్ళు వచ్చేదాకా తెలీదు. ఆర్థర్ బ్రూక్ మాంచెస్టర్ పక్కన ఆష్టన్ అండర్ లైన్‌లో పుట్టాడు, మా కొండలకి అవతలి వైపు. 1869లో మాంచెస్టర్ మార్కెట్ స్ట్రీట్‌లో మొదటి టీ షాపు పెట్టాడు. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు, కొనేవాళ్ళకి తానిచ్చే మాట అన్న అర్థంలో ఆ మాట చేర్చాడు. రెడ్ లేబుల్ మన దేశంలోకి 1903లో వచ్చింది. అంటే వందేళ్ళకి పైగా మన వంటిళ్ళలో ఒక ఇంగ్లిష్ వాగు పేరు డబ్బా మీద కూర్చుని ఉంది. పెద్దాయనకి ఇది చెప్పి, మా ఇంటికి పిలిచి అల్లం వేసి రెడ్ లేబుల్ టీ పెట్టిచ్చాను. డబ్బా తిప్పి తిప్పి చూశారు.

ఒట్టి పేరు చూసి మూలం చెప్పేయకూడదని కూడా ఆ రోజే తెలిసింది. అమెరికా హాస్యనటుడు, దర్శకుడు మెల్ బ్రూక్స్ అసలు పేరు కమిన్స్కీ, తల్లి పుట్టింటి పేరు బ్రూక్‌మన్ నుంచి బ్రూక్స్ పెట్టుకున్నాడు. మహాభారతాన్ని 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోలో తొమ్మిది గంటల నాటకంగా వేసిన పీటర్ బ్రూక్ లండన్‌లో పుట్టినా తల్లిదండ్రులు లాట్వియా నుంచి వచ్చిన యూదులు. పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత గ్వెండొలిన్ బ్రూక్స్, 1950లో. అమెరికాలో ఈ పేరున్న నల్లజాతి కుటుంబాలు ఎన్నో. వీళ్ళలో ఎవరి కథా నార్మన్ యోధుడి దగ్గర మొదలవ్వదు, కానీ అదే షాపులో అదే పేరు కొడితే వీళ్ళందరికీ అదే డాలు, అదే కాగితం వస్తుంది. ఇది నేను ఊహించి అనడం లేదు. మా ఆఫీసులో ఒకమ్మాయి ఇంటిపేరు షా, మన గుజరాతీ షా కాదు, ఇంగ్లిష్ షా, అదీ ప్రకృతిలోంచి వచ్చిందే, చిన్న తోపు అని అర్థం. వాళ్ళింట్లో ఇదే షాపు ఫ్రేమ్ ఉందంటే ఫోటో తెప్పించుకున్నాను. పేరు మారింది, డాలు రంగు మారింది, నాలుగో పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అదే ధైర్యం, అదే విధేయత.

షాపుకి మెయిల్ పెట్టాను. ఏ ఆధారం మీద యోధుడి పేరు రాశారు, ఏ పుస్తకం, ఏ రికార్డు అని మర్యాదగానే అడిగాను. తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. ఇది వినోదం కోసం తయారు చేసిన వస్తువని, పేరు వేసి ప్రింట్ చేసింది కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదని, కావాలంటే వచ్చే ఆర్డర్ మీద 10 శాతం తగ్గిస్తామని. కొనేటప్పుడు పేజీ మీద "చరిత్ర", "పరిశోధన" అన్న మాటలే ఉన్నాయి, వినోదం అన్న మాట నాకెక్కడా కనిపించలేదు. టీపొడి అని రంపపుపొట్టు అమ్మితే ఊరుకుంటామా? ఒక మనిషి తన ముత్తాతల గురించి తెలుసుకోవాలనుకోవడం చాలా లోతైన కోరిక, దాంతో వ్యాపారం చేసేవాళ్ళు ఇంకాస్త భయభక్తులతో ఉండాలి. రంగులద్దినవాడి కొడుక్కి, మగ్గం నేసినవాడి మనవడికి, నీ వంశం గొప్పది కావాలంటే గుర్రం మీద కత్తి పట్టుకున్నవాడు ఒకడు ఉండాలి అని చెప్పడం నాకు అవమానంగానే అనిపించింది.

ఎవరికైనా ఇలాంటి గిఫ్ట్ ఇవ్వాలనుకుంటే నేను చెప్పేది ఇదీ. ఫ్రేమ్ విడిగా కొనండి. లైబ్రరీ కార్డుతో నిఘంటువులో పేరు చూడండి. జనన, వివాహ, మరణాల రిజిస్ట్రేషన్ ఇంగ్లండ్‌లో 1837 జూలై 1న మొదలైంది, వాటి సూచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు, 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలైనవి, కొన్ని ఊళ్ళలో అప్పటి నుంచే ఉన్నాయి. జనాభా లెక్కల్లో ప్రతి ఇంట్లో ఎవరున్నారో పేర్లతో ఉండేవి 1841 నుంచి. 1921 లెక్కలు 2022లో బయటపెట్టారు, 1931వి 1942లో మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు, కాబట్టి తాతల కాలానికి ఒక ఖాళీ వస్తుంది, అక్కడ ఇంట్లో పెద్దవాళ్ళని అడగాల్సిందే. మీ స్నేహితుడు పక్కన కూర్చుని వెతికితే ఇంకా బాగుంటుంది. మాకు రెండు శనివారాలు పట్టింది.

రెండో శనివారం 1881 పేజీలో పెద్దాయన ముత్తాత దొరికాడు. వయసు, పుట్టిన ఊరు, పక్కన వృత్తి: ఉన్ని నేతగాడు. ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా ఉంది. ఆ వీధి ఇప్పటికీ ఉంది, ఆయన నన్నూ మా పాపనీ తీసుకెళ్ళి చూపించారు. ఇళ్ళ వెనక చిన్న గోడ, గోడ అవతల సన్నగా నీళ్ళు. పాప గులకరాళ్ళు వేస్తుంటే ఆయన గోడ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. పేరు పుట్టింది సరిగ్గా ఈ వాగు దగ్గరే అని ఎవరూ చెప్పలేరు, ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఫ్రేమ్‌కి నాలుగు స్టార్లు ఎందుకిచ్చానంటే, చెక్క గట్టిది, గాజు మంచిది, వెనక మేకులు సులువుగా ఊడాయి. పసుపు కాగితం తీసేసి, ఆ 1881 పేజీ కాపీ, దాని కింద వాగు ఫోటో పెట్టాం. లైబ్రరీలో ప్రింట్‌కి 20 పెన్నీలు తీసుకున్నారు. ఇప్పుడది వాళ్ళ హాల్లో టీవీ పైన ఉంది.